అండమాన్ వెళ్లే డైవింగ్ సూటు

ఏవండీ, బస్సుకి టైమైపోతోంది, సామర్లకోట అక్కయ్య వాళ్లింటికి వెళ్తున్నాను. మొన్న మన రొయ్యల చెరువులో వేసుకుని దిగి చూసుకున్న డైవింగ్ సూటుని డాబా మీద ఎండలో పడేశారు. తీసి, మంచినీళ్లలో జాడించి, వసారాలో నీడకి ఆరేశాను. ఎండకి రబ్బరు పాడైపోతుందని దాంతో వచ్చిన కాగితంలోనే రాశారండి. మేత సంచి మీద రాసిందంతా చదివే మనిషి, ఇదీ చదవాల్సింది.

ఆరాక దయచేసి ఇస్త్రీకి ఇవ్వకండి. మడత పెడితే ఆ మడత ఇక పోదు. చాపలా వదులుగా చుట్టి, పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టండి. ఆవకాయ సీసా వేరే సంచిలో ఉంది, నూనె సూటుకి తగలకూడదు. మేత కంపెనీ వాళ్లు డీలర్లని మాత్రమే తీసుకెళ్లే టూరు కదా, పెళ్లానికి చోటు లేకపోయినా ఆవకాయకి ఉంటుంది లెండి. రోజంతా చెరువు గట్టు మీదే ఉండే మీరు చేపల్ని చూడ్డానికి అండమాన్ దాకా వెళ్లాలి మరి.

– మంగ

అన్నట్టు, వెనక జిప్పుకున్న తాడు మొన్న మీరే తెంపేశారు. అక్కడ లాగడానికి నేనుండను కదా, నా లంగా బొందు కట్టాను. ఎవరైనా అడిగితే సూటు కంపెనీదే అని చెప్పండి.