నిద్రకు మార్కులు

నిజామాబాద్

వర్నిలో ఉన్న అక్క కాళ్లకు మొక్కి, తమ్ముడు నర్సింలు రాస్తున్నాడు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ బాగున్నారా? బావ మోకాలి నొప్పి ఎట్లుంది? బర్రె ఈనిందా? ఫోన్‌లో చెబితే సగం నీకు వినపడదు, మిగతా సగం ఇక్కడ షెడ్డంతా వినిపిస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. లతతో చదివించుకోకు, కళ్లద్దాలు పెట్టుకుని నువ్వే చదువు. నాకేం కాలేదు. నీ బిడ్డ లతకూ ఏం కాలేదు. ముందే చెబుతున్నాను.

కోత మిషన్ వదిలి కాలేజీ బస్సు నడపడానికి వచ్చినప్పుడు పట్నంలో తమ్ముడు సుఖపడతాడని అనుకున్నావు. సుఖం ఎక్కడిది అక్కా! బస్సుల షెడ్డు వెనక రేకుల గదిలో ఆరుగురం డ్రైవర్లం పడుకుంటాం. డీజిల్ కంపు, సాక్సుల కంపు, పగలంతా కాగిన రేకుల వేడి. మెస్సులో పప్పు పేరు చెప్పి పసుపు నీళ్లు పోస్తారు. జొన్నరొట్టె ముక్క కనపడితే కళ్లకద్దుకునేటట్టు ఉన్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ తొక్కు పంపించు. అయినా తింటున్నాను, ఉంటున్నాను, రంది పెట్టుకోకు. పొద్దున వర్ని లైనులో వచ్చి లతను ఎక్కించుకున్నప్పుడు నువ్వు వాకిట్లోంచి చెయ్యి ఊపేదానివి. రోజంతా ఆ ఒక్కటి చాలనిపించేది. ఇప్పుడు ఆ లైను నాకు లేదు. ఎట్లా పోయిందో చదివితే నువ్వూ తుపుక్కున ఉమ్ముతావు.

మా ఇన్‌చార్జి సారు ఒకనాడు డ్రైవర్లందరికీ చేతి వాచీలు పంచాడు. టైము చూసుకోవడానికి కాదు. అవి కట్టుకుని పడుకోవాలి. ఎంతసేపు నిద్రపోయాం, ఎన్నిసార్లు దొర్లాం, ఎంత గాఢంగా పోయాం, అంతా తెల్లారేసరికి ఆయన ఫోన్‌లో కనపడుతుంది. దానికి మార్కులు. మార్కులొస్తే మంచి లైను, రాకపోతే బస్సులు కడగాలి. నిద్ర లేనివాడికి బండి ఇవ్వొద్దంటే మంచి మాటే, నేను కాదనను. కానీ ఆ గదిలో దోమలకు తప్ప ఎవరికి సుఖముంది?

"గది చీకటిగ ఉండాలె, చల్లగ ఉండాలె. పండుకునేముందు మనసు ప్రశాంతంగ పెట్టుకోవాలె" అని ఫోన్‌లో చూసి చదివాడు.

"ఒక్క ఫ్యాను ఇప్పియ్యుండ్రి సారూ, మనసు సంగతి నేను చూసుకుంటా" అన్నాను.

"ముందుగాల మార్కులు తెచ్చుకో. ఫ్యాను ముచ్చట తర్వాత."

చాయ్ మానేశాను. ఫోన్ దూరం పెట్టాను. మార్కులొస్తాయో రావో అన్న పరేషాన్‌తోనే ఉన్న నిద్ర కూడా పోయింది.

మా డ్రైవర్లలో రాజన్న అని పెద్దాయన ఉన్నాడు, రాత్రుళ్లు ఇంటికి పోతాడు. పెద్ద బస్సు తిప్పడం నాకు నేర్పింది ఆయనే. మొదట్లో ఆయన మార్కులు నాకంటే అధ్వానం. ఉన్నట్టుండి అందరికంటే పైకి ఎక్కాయి. ఇన్‌చార్జి ఆయనకు శాలువా కప్పి, మా చేత చప్పట్లు కొట్టించి, నా వర్ని లైను గుంజి ఆయన చేతిలో పెట్టాడు. నాకు మండింది. మండినా సిగ్గు విడిచి అడిగాను.

"అన్నా, ఏం జేస్తున్నవే? నాకు జర చెప్పరాదు?"

ఆయన ఆ సాయంత్రం వెంట తీసుకుపోయాడు. ఎక్కడికి అనుకున్నావు? ఆయన ఇంటి గోడను ఆనుకుని ఉన్న కల్లు కంపౌండుకు. అది చెట్టు కల్లు కాదక్కా, మత్తుమందు కలిపిన తెల్ల నీళ్లు. ఈగలు, కక్కులు, పులిసిన వాసన. తాగినవాళ్లు తాగినచోటే నోళ్లు తెరుచుకుని పడి ఉన్నారు.

"గిదా అన్నా నీ నిద్ర?" అన్నాను.

"నీకు తెల్వదు తమ్మీ" అన్నాడు సీసా వంక చూస్తూ. "నా బిడ్డ నెత్తి మీద చెయ్యివెట్టి ఒట్టేసి మానేసిన. మానినంక కన్ను మూతవడలే. చేతులు వణుకుడు, ఒళ్లంత చెమటలు. గా దినాలల్లనే గీ వాచీ కట్టిండ్రు. మార్కులు రాలే. బండి ఇయ్యం అన్నరు. మల్ల తాగిన. తెల్లారి సారు నా చెయ్యి వట్టుకోని షాబాష్ అన్నడు."

థూ! ఇదేం బతుకక్కా! ప్రాణం పెట్టి తాగుడు మానినవాడికి సున్నా వేసి, మళ్లీ తాగితే శాలువా కప్పింది ఆ వాచీ. ఆ శాలువాకు నేను చప్పట్లు కొట్టాను. నా చేతులు చూసుకుంటే నాకే రోత పుట్టింది.

తెల్లారి ఇన్‌చార్జికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"లైను పోయిందని నీకు కడుపుమంట. గీ గీత చూడు, ఎంత గాఢ నిద్రనో! వాచీకి రాజన్న మీద ప్రేముంటదా, నీ మీద పగుంటదా?" అని నా మొహం మీద ఫోన్ ఆడించాడు.

ఆయనతో మాట్లాడి లాభం లేదని, బస్సు కదులుతుంటే ఎక్కి రాజన్న పక్కన ఇంజన్ డబ్బా మీద కూర్చున్నాను. వర్నిలో లత ఎక్కి "మామా, నువ్వెందుకు నడుపుతలేవు?" అంది. పోయి కూర్చోమన్నాను. కాలువ మలుపు దగ్గర రాజన్న కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. ముందు చక్రం కట్ట మీది మట్టిలోకి దిగింది. నేను అరిచి స్టీరింగు పట్టుకున్నాను, ఆయన ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. పిల్లలందరూ ఒక్కసారే ఏడ్చారు. ఎవరికీ దెబ్బ తగలలేదు. లత ఈ సంగతి నీకు చెప్పలేదంటే దాని తప్పు కాదు, భయపడతావని నేనే వద్దన్నాను.

రాజన్న దిగి కట్ట మీద కూలబడ్డాడు. "తాగితె మార్కులొస్తున్నయ్, మానితె పోతున్నయ్. నేనేం జెయ్యాలె తమ్మీ?" అని చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. వాచీ ఊడదీసి తాళాలతోపాటు నా చేతిలో పెట్టాడు. ఆయన్ను ఎక్కించుకుని, పిల్లల్ని నేనే కాలేజీలో దింపాను. రెండు వాచీలూ ఇన్‌చార్జి బల్ల మీద పడేసి, రాజన్నను సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. ఆ కల్లు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుందట, మందులిస్తూ మెల్లగా మాన్పించాలట. డాక్టరమ్మ అప్పుడే చేర్చుకుంది. నేను బస్సులు కడగడం, అయిపోగానే ఆయన మంచం దగ్గరికి పోవడం, ఇదే నా పని. మిగతా డ్రైవర్లు ఇంకా ఆ వాచీలు కట్టుకునే తిరుగుతున్నారు. లతను కొన్నాళ్లు ఆర్టీసీ బస్సులో పంపు.

నిన్న మధ్యాహ్నం రాజన్న కాసేపు నిద్రపోయాడక్కా. వణుకుతూ, ఉలిక్కిపడుతూ, అయినా నిద్రపోయాడు. ఆయన భార్య ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చుంది.

రేపో మాపో ఇంటికి పంపిస్తారు. ఆయన ఇల్లు ఎక్కడుందో రాశాను కదా. ఆ గోడ పక్కకు పోతే మళ్లీ అదే సీసా. భార్యాభర్తలను కొన్నాళ్లు మన ఇంట్లో ఉంచుకుంటావా? నా బిడ్డను కాలువలో ముంచబోయినవాణ్ని నా ఇంటికే తెస్తావురా అని తిడతావు. తిట్టు, నీ మాట నిజమే. తిట్టడం అయ్యాక వసారాలో ఒక మంచం వాల్చు.

బావకు దండాలు. లతకు దీవెనలు.

నీ తిట్లకూ నీ దీవెనకూ ఎదురుచూసే తమ్ముడు,
నర్సింలు