చెక్కమెట్ల మీద అత్తగారు

చిరంజీవి తమ్ముడికి,

మిషను మీద సగం కుట్టిన బడి చొక్కా పక్కకి నెట్టి, మీ అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. ఫోన్లో నువ్వు "ఊ", "ఆ" తప్ప మూడో అక్షరం పలకవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

నువ్వు టీవీ స్టూడియోలో వడ్రంగి పనికి చేరినప్పటినుంచీ మా కుట్టుకేంద్రంలో నా పరపతి పెరిగిపోయింది. "తాళాల గుత్తి" సీరియల్లో తలుపులన్నీ మా తమ్ముడు చేసినవేనని చెప్పాను. ఇప్పుడు ఆ అత్తగారు ధడాలున తలుపు వేసినప్పుడల్లా అందరూ నావంక చూస్తున్నారు, నేనే వేసినట్టు.

అసలు ఆవిడ ఆగడాలకి అంతూ పొంతూ లేదా? నడుముకి ఆ గుత్తి దోపుకుని, చిన్నకోడలు మంచినీళ్ళు తాగాలన్నా ముందు తనని అడగాలంటుంది. నిన్నటి భాగం చూసిన కోపంలో మా కాజాల పెద్దమ్మ, అంటే మా దగ్గర కాజాలు కుట్టే పెద్దావిడ, ఐదు బొత్తాల చొక్కాకి తొమ్మిది కాజాలు తీసేసింది.

ఇంకో మాట. పోయిన ఆదివారం మీ టీవీలో, ఈమధ్య కాలం చేసిన హాస్యనటుడు గిన్నెల బాబాయికి నివాళి అని వేశారు. ఆయన పేరు వింటేనే మాకు నవ్వొస్తుంది. చేతిలో గిన్నెల దొంతర పట్టుకుని రెండడుగులు వేస్తే చాలు, పొట్ట చెక్కలయ్యేది. మీవాళ్ళేం చేశారు? నలుగురిని సోఫాలో కూలేసి, వెనక వయొలిన్ వాయించి, గంటసేపు ఏడిపించారు. రెండో భాగం కూడా ఉందిట. అదైనా ఏడుపు లేకుండా తీయమని ముందే ఎవరికైనా చెప్పు.

అత్తగారికి ఎప్పుడు బుద్ధొస్తుందో తిరుగుటపాలో రాయి. నేనెవరికీ చెప్పను. నా సంగతి నీకు తెలుసుగా.

ఇట్లు,
మీ అక్క

తా.క.: మీ బావ సీరియళ్ళు చూడరు. ఆ అరగంటా కంచం పట్టుకుని టీవీ ఎదురుగా గుమ్మంలో నిలబడి, కూర వడ్డిస్తానేమోనని చూస్తుంటారు. వడ్డించినా కదలరు.

*

అక్కకి,

ఒంటిమీద రంపప్పొట్టు దులుపుకుని నమస్కరిస్తూ తమ్ముడు రాస్తున్నది. నేను క్షేమం.

అక్కా, నేను వడ్రంగిని. నాకు కథ ఎవరూ చెప్పరు. కొలతలిస్తారు, చేసిపెడతాను. ఏ తలుపు ఎవరింటిదో కూడా నాకు తెలియదు. ఆ మాటకొస్తే తలుపు వెనక గదే లేదు. అత్తగారు కోపంగా తలుపేసుకుని లోపలికి వెళ్ళే చోట నా పనిముట్లూ, టీ ఫ్లాస్కూ ఉంటాయి. ఆవిడ రాగానే "నాయనా, గట్టిగా వేశానా, బందు ఊడలేదు కదా" అని అడిగి, నా ఫ్లాస్కులోదే కాస్త టీ పోసుకుని తాగుతుంది. చాలా మంచి మనిషి.

ఈ వారం నాకు చెప్పిన పని ఇదీ. కింద మలుపు తిరిగే ఎత్తయిన చెక్కమెట్లు. ఒక చక్రాల మంచం. ఒక ఉయ్యాల. మెట్ల సంగతి మాత్రం బయటికి పొక్కకూడదన్నారు. ఎందుకో నేనడగలేదు. అంతకుమించి నాకేమీ తెలియదు.

బావగారికి నమస్కారాలు.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: సోఫాలో ఆ నలుగురూ నిజంగా ఏడ్చారనుకోకు. ఆ పూట సోఫా వెనకే నేను చెక్క చిత్రిక పట్టాను. పొట్టంతా వాళ్ళ కళ్ళల్లోకే వెళ్ళింది.

*

చిరంజీవి, మహా గడుసు తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఎంత తెలివిరా నీది. "నాకేమీ తెలియదు" అంటూనే మొత్తం చెప్పేశావు. చదవగానే ఒళ్ళు ఝల్లుమంది. సూది వేలికి దిగినా తెలియలేదు.

మెట్లు అంటే అత్తగారు జారిపడుతుంది. చక్రాల మంచం అంటే ఆస్పత్రి. ఉయ్యాల అంటే చిన్నకోడలు నెల తప్పింది. అత్తగారు మంచాన పడి ఉండగా ఆ పిల్లే దగ్గర కూర్చుని చాకిరీ చేస్తుంది, ఆవిడ మనసు కరుగుతుంది. అంతే కదూ. నువ్వు ఔననక్కర్లేదు, నాకర్థమైంది.

ఒట్టు, ఒక్క కాజాల పెద్దమ్మకే చెప్పాను. అదీ చెవిలో. ఆవిడకి కాస్త చెవుడు కాబట్టి గట్టిగా చెప్పాల్సొచ్చింది. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఇంక చూడు, సాయంత్రానికి వీధి వీధంతా రెండు వర్గాలైంది. "పడనివ్వండి, రోగం కుదురుతుంది" అని సగం మంది. "పెద్దప్రాణం, ఆ వయసులో ఎముక విరిగితే అతుకుతుందా" అని మిగతా సగం. పడాల్సిందేనన్న వాళ్ళలో మళ్ళీ తగువు, పైమెట్టు మీంచా, సగంలోంచా అని. వాదించి వాదించి గొంతులు పోయాక, ఎవరి అభిప్రాయం వాళ్ళు రాసి స్టూడియోకి పంపుదామని తేల్చుకున్నాం. రాయడం రానివాళ్ళకి నేను రాసిపెట్టాను. ఒక సంచి నిండింది. మీ బావే మోసుకెళ్ళి పోస్టు చేశారు. నాకెంత హుషారుగా ఉందో చెప్పలేను. బడి చొక్కాలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడుతోందని కూడా ఎవరికీ గుర్తులేదు.

ఇట్లు,
నీ సంకేతం గ్రహించిన అక్క

తా.క.: సంచిలో ఒక ఉత్తరం మాత్రం నాలుగు పేజీలుంది, కింద పేరు లేదు. అత్తగారి పక్షాన వకీలులా వాదించారు. దస్తూరీ మీ బావది.

*

అక్కకి,

నమస్కారం. మేకుల డబ్బా మీద కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నువ్వే చిత్రిక పట్టుకుని చదువుకో.

నా కొంప ముంచావక్కా. మీ సంచిని, సీరియలూ నివాళీ రెండూ తీసే డైరెక్టరుగారి బల్ల మీద కుమ్మరించారు. ఏ ఉత్తరం విప్పినా మెట్లే. ఆయన మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి "మెట్ల సంగతి బయట పెట్టిందెవరు?" అన్నాడు. అందరూ పైకప్పు వంక చూశారు. నేనూ చూశాను. అది సెట్టు, దానికి పైకప్పు లేదు.

ఇప్పుడైనా విను. ఆ మెట్లు గిన్నెల బాబాయి నివాళి రెండో భాగానికి. ఆయన దొంతర పట్టుకుని మెట్లు దిగే హాస్యఘట్టం ఉంది కదా, దాన్ని ఒక కుర్రనటుడి చేత చేయించబోతున్నారు. ఆయన భార్య చూడటానికి వస్తోంది. ఆవిడకి ముందు తెలియకూడదని అంత గుట్టు. ఉయ్యాల కూడా దానికే, పెద్దమనిషి అందులో ఇరుక్కుపోయే ఘట్టం కోసం. చక్రాల మంచం ఏ కథలోదీ కాదు, లైట్లు పెట్టి తోసుకెళ్ళడానికి.

అత్తగారు ఎక్కడా పడదక్కా. పడాలన్నా కుదరదు. సీరియల్లో ఆ ఇల్లు మేడ కాదు.

ఇంకా నేనేనని ఎవరికీ తెలియలేదు. తెలిస్తే పని పోతుంది. ఈ పని దొరకడానికి ఎన్ని గుమ్మాలెక్కి దిగానో నీకు తెలుసు. నీకు దణ్ణం పెడతాను, ఇంకెవరికీ ఏమీ చెప్పొద్దు.

ఇట్లు,
దిక్కుతోచని తమ్ముడు

తా.క.: నాలుగు పేజీల ఉత్తరాన్ని అత్తగారి వేషం వేసేవిడకి చూపించారు. "ఇన్నేళ్ళలో నా తరఫున మాట్లాడిన మొదటి మనిషి" అని కళ్ళు తుడుచుకుని సంచిలో దాచుకుంది. చిత్రిక నేను పట్టలేదు.

*

చిరంజీవి తమ్ముడికి,

ముద్ద మింగుడుపడని అక్క రాస్తున్నది. నా నోటి దురద నీ అన్నం మీదికి వచ్చిందని తెలిశాక మనసు మనసులో లేదు. బావ కూడా ఆ అరగంటా వీధిలోకెళ్ళి కూర్చుంటున్నారు. కిటికీ వైపే అనుకో.

నువ్వు చెప్పినట్టే ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక్క డైరెక్టరుగారికే రాశాను. నీకు తెలియాలి కాబట్టి ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తున్నాను.

"అయ్యా, మా తమ్ముడు నోట్లో నాలుక లేనివాడు. మెట్లు, మంచం, ఉయ్యాల అని తప్ప నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మిగతా కథంతా మా వీధి అల్లింది. తిట్టదలిస్తే నన్ను తిట్టండి, వాడి పని తీసెయ్యకండి.

"మీరు తిట్టేలోగా నా అభిప్రాయం కూడా వినండి. మా నాన్న పోయాక మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి. అమ్మ వండేది, మేము తినేవాళ్ళం, లేచేవాళ్ళం. ఒక ఆదివారం పక్కింటి టీవీలో గిన్నెల బాబాయి మెట్లు దిగుతూ దొర్లాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని తమ్ముడూ నేనూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆ పూట కంచాల ముందు మళ్ళీ మాట్లాడుకున్నాం. అలాంటి మనిషిని తలుచుకుంటూ మమ్మల్ని ఏడిపించకండి. ఆ వయొలిన్ ఆయన్ని ఇంటికి పంపించండి."

ఇంతే రాశాను. ఇది చదివాక నీమీద ఎవరికీ కోపం ఉండదు.

ఇట్లు,
అక్క

తా.క.: ఉత్త మాటలు ఎవరు నమ్ముతారు? రుజువు ఉండాలని నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ జతచేసి పంపాను.

*

అక్కకి,

తమ్ముడి నమస్కారాలు. ఇది కూర్చుని చదువు.

డైరెక్టరుగారు రమ్మన్నారనగానే పనిముట్లన్నీ సంచిలో సర్దుకుని, ఇంక తిరిగి రాననుకుని వెళ్ళాను. బల్ల మీద నా ఉత్తరాలున్నాయి. "సోఫా వెనక చిత్రిక పట్టింది నువ్వా?" అన్నాడు. ఔనన్నాను. "ఎంత సహజంగా ఏడ్చారని ఆ నలుగురినీ నేను పొగిడాను కూడా" అన్నాడు. తర్వాత నీ ఉత్తరం పైకి చదివాడు. అమ్మ నవ్వింది అన్న చోట ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పటికప్పుడు వయొలిన్ రద్దు చేశాడు. నన్నేమీ అనలేదు. "వెళ్ళి మెట్లు గట్టిగా బిగించు" అన్నాడు.

నివాళి రోజు వచ్చింది. గిన్నెల బాబాయి భార్య చేతిరుమాలు సిద్ధం చేసుకునే ముందువరసలో కూర్చుంది. కుర్రనటుడు మెట్లెక్కి, కిందకి చూసి, కళ్ళు తిరుగుతున్నాయని దిగిపోయాడు. అప్పుడు పక్క సెట్టులోంచి సీరియల్ అత్తగారు వచ్చింది. "చిన్నప్పుడు నేను ఆయన బృందంలోనే ఉన్నాను. తెర వెనక ఆ గిన్నెలు అందించింది నేనే. నేను దిగుతాను" అంది.

నడుముకి తాళాల గుత్తి తీయకుండానే దొంతర ఎత్తుకుంది. ప్రతి మెట్టు మీదా పడబోయి నిలదొక్కుకుంటూ, గిన్నెల్ని తిడుతూ, తాళాలు గలగలలాడిస్తూ వచ్చిందక్కా. ఊపిరాడనంత నవ్వు. కింది మలుపులో మొత్తం వదిలేసి తనూ దొర్లింది. ఒక గిన్నె దొర్లుకుంటూ వెళ్ళి బాబాయి భార్య కాళ్ళ దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని ఎత్తి, తిప్పి చూసి, "ఇంట్లో కూడా ఇంతే, ఆయన చేతిలో ఒక్కటీ నిలిచేది కాదు" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వాపుకోలేక పక్కావిడ భుజం పట్టుకుంది. చేతిరుమాలు మడత విప్పనేలేదు. నేను మెట్ల వెనక మేకులు చూసుకుంటూ నిలబడి, అమ్మ గుర్తొచ్చి, అక్కడే నవ్వుకున్నాను.

తీరా చూస్తే అత్తగారు లేవట్లేదు. చీలమండ బెణికింది. చక్రాల మంచం మీది లైట్లు దింపి ఆవిడని పడుకోబెట్టాం. నేనే తోసుకెళ్ళాను. దారిపొడుగునా ఆవిడే నవ్వుతోంది. కొన్ని వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు. అంటే సీరియల్లో ఆవిడ మంచం మీదే ఉండాలి. మర్నాడు పొద్దున్నే చిన్నకోడలి వేషం వేసే అమ్మాయి మిఠాయి పొట్లం పట్టుకొచ్చి, తనకి నిజంగానే మూడో నెల అని చెప్పింది.

సీరియల్ రాసే రచయితగారు తల పట్టుకున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "మీ అక్కగారికి మిగతా కథ కూడా తెలుసా?" అని అడిగారు. తెలియదని ఎంత చెప్పినా నమ్మడం లేదు.

నా పని పోలేదు, పెరిగింది. అత్తగారు ఎక్కడినుంచో ఒకచోటినుంచి పడాలి కాబట్టి ఆ ఇంటి మీద మేడ కట్టమన్నారు.

ఇట్లు,
తీరిక లేని తమ్ముడు

తా.క.: సోమవారం రచయితగారు మీ కుట్టుకేంద్రానికి వస్తున్నారు. అందరి అభిప్రాయాలూ స్వయంగా వింటారట. మనిషి అసలే బెదిరి ఉన్నారు, ఆ పూటకి కత్తెరలన్నీ లోపల పెట్టించు.