సంచిలో కలిసిపోయిన బోరు పొడి

శింగనమల, ఆదివారం రాత్రి

భూగర్భశాస్త్రం పీజీకి దరఖాస్తు పంపేశాను. ‘ఈ సబ్జెక్టే ఎందుకు?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గరే పొద్దుటి నుంచీ రాస్తూ, కొట్టేస్తూ కూర్చున్నాను, నాయన ఇంటికి వచ్చేదాకా.

ఈరోజు చేన్లో బోరు వేయించాడు. నీళ్లు పడలేదు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి దుమ్ముతో వచ్చి, నా ముందు ఎరువుల సంచి ఒకటి దించాడు.

“రాళ్ల సదువు సదువుతాండావు కదమ్మా. రాడ్డు దిగినప్పుడల్లా పైకొచ్చిన పొడి పిడికెడు తీసి పెట్టినా.”

అందరూ నీళ్ల కోసం చూస్తుంటే ఆయన నా కోసం ఆ దుమ్ములో వంగి పొడి పోగేశాడు. సంచి విప్పితే, అన్ని లోతుల పొడీ ఒకటిగా కలిసిపోయి ఉంది. దాంతో ఏ లోతులో ఏ రాయుందో తేల్చలేం.

నోరు మూసుకోవాల్సింది. “ఏ లోతుది ఆ లోతుకు విడిగా కట్టాలి నాయనా” అనేశాను.

“అట్లనా? మళ్లా బోరు ఏసేటప్పుడు విడివిడిగా కడతాలే” అన్నాడు తేలిగ్గా.

వంటింట్లోంచి అమ్మ, “మళ్లానా?” అంది. ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లిపోయాడు.

రాసిందంతా కొట్టేసి, ‘మా నాయన ఇంకో బోరు వేయకముందే కింద నీళ్లున్నాయో లేవో చెప్పగలగాలి’ అని రాసి పంపాను.

సంచి నా మంచం కిందే ఉంది. పారేయను. సీటొచ్చి, చదువయ్యేదాకా ఆయన ఆగితే బాగుండు...