ఎర్రపట్టీ, నీలిపట్టీ, ఖాళీ కుర్చీ

నంద్యాల,
5 ఆగస్టు 2004

జేజికి,

కిరణ్ వందనాలు. నేను కులాసా. నీ మోకాళ్ళు కూడా కులాసాగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాను. ఫోనే చేద్దును గానీ, అది ఉండేది మల్లీశ్వరక్క ఇంట్లో. నేను చెప్పేది ముందు ఆమె విని, తర్వాత ఆళ్ళగడ్డంతా విని, మిగిలింది నీకు చేరుతుంది. అందుకే ఉత్తరం.

సంగతేమంటే, జేజినాయన పెట్టిన ఈ స్టూడియో ఇక రీలు కెమెరాతో నడిచేట్టు లేదు. పెళ్ళివాళ్ళు గడపలోనే "డిజిటల్ ఉందాప్పా?" అని అడిగి, లేదంటే చెప్పులు కూడా విడవకుండా తిరిగిపోతున్నారు. నిజ శ్రావణం రాగానే ముహూర్తాలు మొదలు. అప్పటికి డిజిటల్ లేకపోతే తలుపులు మూసుకోవడమే.

కెమెరాల షాపు సుబ్బరాయుడన్న పోటీ కంపెనీలవి రెండు పరీక్షకని ఇచ్చాడు. రెండూ ఆరు మెగాపిక్సెళ్ళే, ఒకదాని మెడపట్టీ ఎరుపు, ఇంకోదానిది నీలం. ఎర్రపట్టీది మనుషులను ఒక చాయ తెల్లగా చూపిస్తుంది, నొక్కగానే టక్కున పట్టుకుంటుంది. నీలిపట్టీది ఉన్న రంగు ఉన్నట్టే చూపిస్తుంది. చీకట్లో తీసినా బొమ్మలో చుక్కలు తక్కువ, బ్యాటరీ పెళ్ళంతా వస్తుంది, కానీ ఇటుకంత బరువు. ఏది తీసుకోవాలో తేలడం లేదు.

ఇంకోటి. బదులుగా సుబ్బరాయుడన్న మన జేజినాయన వాడిన టేకు పెట్టె కెమెరా కావాలంటున్నాడు. షోరూము వాకిట్లో అలంకారానికట. అది ఇస్తే మిగతాది నెలనెలా కట్టుకోవచ్చు, ఇవ్వకపోతే రెండు కెమెరాలూ వెనక్కి. దాన్ని ఎవరూ వాడక పాతికేళ్ళయింది కదా జేజీ? నీ మాట కోసం చూస్తుంటాను.

నీ మనవడు,
కిరణ్

తా.క. ఎర్రపట్టీతో నన్ను నేనే తీసుకున్నాను. నాకే పిల్లనివ్వాలనిపించింది.

*

ఆళ్ళగడ్డ,
7 ఆగస్టు 2004

చిరంజీవి కిరణ్‌కు,

మీ జేజి రూతమ్మ దీవెనలు. నా మోకాళ్ళ కోసం ప్రార్థిస్తున్నావు, సంతోషం. వాటికింకా కబురు అందలేదు.

ముప్పై రెండేళ్ళు మిషన్ బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలిసింది చెబుతాను. రెండింటికీ ఆరేసి మెగాపిక్సెళ్ళంటే, ఒకే జీతం తీసుకునే ఇద్దరు టీచర్లన్నమాట. జీతం చూసి ఎవరు బాగా చెబుతారో తేల్చలేం, తరగతిలోకి పంపి చూడాలి. కాబట్టి మీ జేజినాయన ప్రతి కొత్త కెమెరాకూ పెట్టిన పరీక్షే నువ్వూ పెట్టు.

మేడ మీది గదిలో కిటికీలు మూసి, వెంటిలేటరు వెలుగులో ఖాళీ కుర్చీని తీయాలి. మంగళవారం ఉదయం సరిగ్గా పది గంటలకు. వెలుగు అప్పుడే కుర్చీ మీదికి వస్తుంది. పైగా మంగళవారం కింది పిండిమర ఆడదు, నేల అదరదు. షట్టరు తెరిచి, గది బయటికొచ్చి, తలుపు మూసి, మెట్ల మీద కళ్ళు మూసుకొని, అన్నం ముందు చేసే ప్రార్థన మూడుసార్లు చెప్పుకో. తర్వాత లోపలికెళ్ళి షట్టరు మూయి. నీ ఆకలి ప్రార్థన కాదు, అది కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. పాస్టరుగారిదీ కాదు, దానికి నీ బ్యాటరీ చాలదు. నేను నేర్పినది. మూడుసార్లంటే సరిగ్గా ఒక నిమిషం. గదిలో మాత్రం ఉండకు. అది చెక్క నేల, నువ్వు దగ్గినా బొమ్మ చెదురుతుంది.

ముందు ఎర్రపట్టీది, తర్వాత నీలిపట్టీది. కడిగించి నాకు పంపు.

పెట్టె కెమెరా సంగతి ఆలోచించి చెబుతాను. ఆయన పోయేనాటికి నీకు రెండేళ్ళు. అది నీకు సామాను. నాకు కాదు.

ఇట్లు,
మీ జేజి

తా.క. సుబ్బరాయుడు ఏడో తరగతి నా దగ్గరే చదివాడు. సైన్సు గదిలో అస్థిపంజరం పటం చూసి నిక్కరు తడుపుకున్నవాడు, వాడికిప్పుడు వాకిట్లో అలంకారాలా!

*

నంద్యాల,
10 ఆగస్టు 2004

జేజికి,

కిరణ్ వందనాలు. ఈ ఉత్తరం పగలే చదువు. రెండు ఫొటోలు జతచేశాను.

నీలిపట్టీది చూడు. ఖాళీ కుర్చీ. పేము అల్లిక గళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు ఎర్రపట్టీది చూడు. కుర్చీలో ఎవరో కూర్చున్నారు. మనిషి గుండా వెనకున్న అల్లిక కనబడుతోంది. ముఖం ఉండాల్సిన చోట పొగ. కింద తెల్లగా పంచె. ఒంటిమీద మన స్టూడియో కోటు జేజీ! పాస్‌పోర్టు ఫొటోకని వచ్చిన ప్రతివాడికీ తొడిగే ఆ నల్లకోటే. పోయి చూస్తే అది డార్క్‌రూమ్ మేకుకే వేలాడుతోంది. ఆ మనిషి కాళ్ళు నేలకు ఆనలేదు. గాల్లో ఉన్నాయి.

ఫిల్ము కెమెరా అయితే బొమ్మ మీద బొమ్మ పడిందనుకునేవాణ్ణి. ఇందులో ఫిల్మే లేదు.

గదిలోకి తిరిగి వెళ్ళేసరికి కర్పూరం కలిసిన నొప్పిమందు వాసన కొట్టింది. మన ఇంట్లో కోటూ పంచే కలిపి వేసుకున్నది జేజినాయన ఒక్కడే. పెట్టె ఇచ్చేస్తానన్నందుకు వచ్చాడా?

భయంతో,
కిరణ్

తా.క. దెయ్యం కూడా ఒక చాయ తెల్లగానే పడింది. ఆ విషయంలో ఎర్రపట్టీని మెచ్చుకోవాలి.

*

ఆళ్ళగడ్డ,
13 ఆగస్టు 2004

చిరంజీవి కిరణ్‌కు,

దీవెనలు. నీ ఉత్తరాన్ని పగలే చదివాను. రాత్రయితే నాకు కళ్ళు కనబడవు, అంతకుమించి కారణమేమీ లేదు.

మన సంఘంలో దెయ్యాలకు సభ్యత్వం లేదు. అయినా ఒక్కసారి చేసిన పరీక్షను పరీక్ష అనరు. వచ్చే మంగళవారం, అదే పది గంటలకు, మళ్ళీ ఎర్రపట్టీతోనే ముందు తీయి. ప్రార్థన కంగారుగా చేయకు. తలుపు సందులోంచి చూడాలనిపిస్తుంది, చూడకు. పరీక్ష హాల్లో తొంగిచూసేవాళ్ళను నేనేం చేసేదాన్నో మీ నాయనను అడుగు.

అంతవరకు పెట్టెను సుబ్బరాయుడి చేతికివ్వకు.

ఇట్లు,
మీ జేజి

తా.క. మంగళవారం బస్సు కుదుపుకు నడుం పట్టేసింది. నొప్పిమందు అడుగంటింది. దెయ్యానికి కూడా మోకాళ్ళ నొప్పులున్నాయేమో, పాపం.

*

నంద్యాల,
17 ఆగస్టు 2004

జేజికి,

వందనాలు. బస్సులో యాడికి పోయినావు జేజీ? ఈ వయసులో ఎందుకు నీకు?

మళ్ళీ వచ్చాడు. ఫొటో చూడు. ఈసారి ముందుకు వంగాడు. కుడిచెయ్యి ఎత్తి ఊపుతున్నాడు, రా, రా అన్నట్టు. మామూలుగానే ఎర్రపట్టీలో. వెంటనే నీలిపట్టీతో తీస్తే ఎవరూ లేరు. అంటే ఈ రెండు కంపెనీలకూ ఉన్న అసలు తేడా ఇదేనన్నమాట: ఒకటి చనిపోయినవాళ్ళను పట్టుకుంటుంది, ఇంకోటి పట్టుకోదు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదు.

నాకు నిద్రలేదు. ఎర్రపట్టీ కొంటే పెళ్ళి గుంపు ఫొటోలో పెళ్ళికూతురి పక్కన ఎవరు తేలతారో! మనం పిలిచినవాళ్ళకే అన్నం పెట్టలేక చస్తాం. మరి నీలిపట్టీ కొంటే, జేజినాయన నాకేదో చెప్పాలని వస్తున్నా నాకు కనబడడు. ఆయన రమ్మంటున్నాడా, పెట్టె ఇవ్వొద్దంటున్నాడా? పదిరోజుల్లో ఉన్న ఒక పెళ్ళికి ఫొటోలు ఒప్పుకున్నాను. కెమెరా లేకపోతే ఆ ఇంటివాళ్ళ ముందు తలెత్తుకోలేను. ఏం చేయమంటావు?

కిరణ్

తా.క. ఈసారీ అదే నొప్పిమందు వాసన. స్వర్గంలో కూడా నొప్పులు తగ్గవా జేజీ?

*

ఆళ్ళగడ్డ,
19 ఆగస్టు 2004

చిరంజీవి కిరణ్‌కు,

దీవెనలు. చాగలమర్రికి ప్రార్థన కూటానికి పోయినాను. చాలా? ఇక నాకు ప్రశ్నలు వేయడం మాను. ప్రశ్నలు వేసి జీతం తీసుకున్నది నేను.

ఫొటోలు రెండూ తీసుకుపోయి సుబ్బరాయుడికి చూపించు. ఏమీ వర్ణించకు. నీకు వర్ణన రాదు, పైగా అవసరమూ లేదు. "అన్నా, ఈ పెట్టె కదిలిస్తానన్నప్పటి నుంచి ఇట్లుంది. నీ షోరూముకు ఎప్పుడు దింపమంటావు?" అని మర్యాదగా అడుగు, అంతే.

ఇట్లు,
మీ జేజి

తా.క. వాడి పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టు.

*

నంద్యాల,
21 ఆగస్టు 2004, శనివారం

జేజికి,

వందనాలు. గబగబా రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

నువ్వు చెప్పినట్టే అడిగాను. సుబ్బరాయుడన్న ఫొటోలు చూసి ఒక చెంబు నీళ్ళు తాగాడు. తర్వాత రోషం తెచ్చుకున్నాడు. "ఇది దెయ్యం గాదు ఏం గాదు! ఎర్రపట్టీదానికి లోపల కన్ను చెడిపోయింటాది. నీలిదాంతో తీస్తాం పా, నా ముందరే!" అని ఈరోజే నాతో వచ్చాడు. మంగళవారం కాదన్నా, పిండిమర ఆడుతోందన్నా వినలేదు. డార్క్‌రూమంతా వెతికి, దాని తలుపుకు స్టూడియో వైపు నుంచి తనే గడియ పెట్టాడు. కోటును తన చంకలో పెట్టుకున్నాడు. నీలిపట్టీ షట్టరు తెరిచి ఇద్దరం మెట్ల మీదికి వచ్చాం. మూడు ప్రార్థనలు నేను చేశాను, ఆయన నరసింహస్వామికి దండం పెట్టుకున్నాడు.

లోపలికి పోతే నొప్పిమందు వాసన లేదు. హైపో వాసన. ఈ స్టూడియో నా చేతికొచ్చాక, ఫొటోలు కడిగే ఆ మందు ఒక్క చుక్క వాడలేదు.

ఫొటో జతచేశాను. పిండిమర అదురుకు కుర్చీ, గోడ, కిటికీ అన్నీ మసకగా పడ్డాయి. కుర్చీ ఖాళీ. కానీ మూలనున్న పెట్టె కెమెరా వైపు చూడు. దాని నల్లగుడ్డ నేను మడిచి ట్రంకులో పెట్టాను. ఫొటోలో అది పెట్టె మీద ఉంది, లోపల ఎవరో తల దూర్చినట్టు ఉబ్బి. పక్క నుంచి ఎడమచెయ్యి ఒకటి పైకి లేచి ఉంది, రెండు వేళ్ళు చూపిస్తూ. అన్నీ వణికిన ఆ ఫొటోలో ఆ చెయ్యొక్కటే గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. రెండు వేళ్ళంటే ఏందో నాకు అర్థం కాలేదు.

సుబ్బరాయుడన్న మెట్లు దిగలేదు జేజీ, దొర్లాడు. కిందినుంచే అరిచాడు: "రెంట్లో యాదో ఒకటి పెట్టుకోప్పా, దుడ్లు నెలనెలా ఇయ్యి! ఆ పెట్టె మాత్రం నా గడప తొక్కగూడదు!"

అంటే పెట్టె మనదే. కెమెరా కూడా మనదే. కానీ ఏది?

కిరణ్

తా.క. కోటు ఆయన చంకలోనే పోయింది. రేపు పాస్‌పోర్టు ఫొటోలకు వచ్చేవాళ్ళకు ఏం తొడగాలి?

*

ఆళ్ళగడ్డ,
23 ఆగస్టు 2004

చిరంజీవి కిరణ్‌కు,

దీవెనలు. కూర్చొని చదువు. ఆ కుర్చీలో వద్దు.

చాగలమర్రి అబద్ధం. రెండు మంగళవారాలూ తొలి బస్సుకు నంద్యాల వచ్చాను. వెనక మెట్ల వైపున్న డార్క్‌రూమ్ తలుపు తాళంచెవి ఇప్పటికీ నా కొంగునే ఉంది. నువ్వు మెట్ల మీద కళ్ళు మూసుకోగానే, చెప్పులు విడిచి, గోడవారగా నడిచి వచ్చి కూర్చున్నాను. కోటు స్టూడియోదే. నువ్వు పంచె అన్నది నా తెల్లచీర. కాళ్ళు గాల్లో ఉన్నాయని దడుచుకున్నావు. పొట్టిదాన్నిరా, పెళ్ళయిన నాటి నుంచీ ఆ కుర్చీలో నా కాళ్ళు నేలకు ఆనవు. తల ఆడిస్తే ముఖం పడదని నేర్పింది మీ జేజినాయనే. సగం ప్రార్థనలకే లేచిపోతే మనిషి పొగలా పడతాడని కూడా. రెండోసారి నిన్ను రా రా అని పిలవలేదు. ఈగ.

నీలిపట్టీకి నేను పడకపోవడానికి దాని గొప్పతనమేమీ లేదు, అప్పటికి నేను బస్టాండు దారి పట్టేదాన్ని. ఇదంతా ఎందుకంటే, పెట్టె ఇవ్వొద్దని నేనంటే నువ్వు వింటావు, కానీ నీ స్టూడియో పోతుంది. వద్దన్నది సుబ్బరాయుడైతే రెండూ దక్కుతాయి. వాడి ధైర్యమెంతో ఏడో తరగతిలోనే చూశాను.

కానీ నాయనా, శనివారం నేను రాలేదు. పొద్దున్నుంచి మల్లీశ్వరి ఇంట్లో వడియాలు పెడుతున్నాను, ఆళ్ళగడ్డంతా సాక్ష్యం చెబుతుంది.

ఆ రెండు వేళ్ళంటే "కదలొద్దు" అని. నల్లగుడ్డలో తల దూర్చాక ఆయన మాట బయటికి వినబడేది కాదు, అందుకని ఎడమచెయ్యి ఎత్తి అట్లా చూపించేవారు. నంద్యాలలో నలభై ఏళ్ళ పాటు ఫొటోకు కూర్చున్న ప్రతివాళ్ళూ ఆ వేళ్ళనే చూస్తూ ఊపిరి బిగబట్టారు. ఆ వేళ్ళు మాత్రం ఏ ఫొటోలోనూ లేవు. ఎప్పుడూ కెమెరాకు ఇవతలే ఉన్నాయి కదా. నువ్వు చూసే వీలు లేదు. నేను నీకెప్పుడూ చెప్పలేదు.

నీ ఫొటోను పొద్దుటి నుంచి ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. మధ్యవేలి గోరు సగమే ఉంది. ఆయనదీ అంతే ఉండేది.

నీలిపట్టీది కొనుక్కో. ఎర్రపట్టీది వేషం వేసిన ముసలిదాన్ని పట్టింది. ఆ పని ఏ కెమెరా అయినా చేస్తుంది. పెట్టెను తుడిచి, గుడ్డ కప్పి ఉంచు. దాని యజమాని ఇంకా డ్యూటీ దిగినట్టు లేదు.

ఇట్లు,
మీ జేజి
రూతమ్మ

తా.క. వచ్చే మంగళవారం పది గంటలకు వస్తాను, ఈసారి ముందు తలుపు గుండా. తెల్లచీర కాదు, నీలంది. ఆయనకు ఆ రంగు ఇష్టం. కుర్చీని పెట్టె కెమెరాకు ఎదురుగా తిప్పి, నా కాళ్ళ కింద ఒక పీట వేసి, నువ్వు మెట్ల మీదికి వెళ్ళిపో. మూడు ప్రార్థనలు చాలవు, ఆరు చేయి. నేను కదలను.