గడ్డం మొక్కు

ఇల్లందు,
ఆదివారం, ఆరాధన ముగిశాక.

ఏమండీ, మీకు మీ సంపూర్ణ వందనాలు. దేవుని కృపవల్ల ఇక్కడ నేను, అత్తమ్మ, మన పిల్ల అక్సా బాగున్నాం. ఒమన్‌లో ఎండలు ముదిరి ఉంటాయి, ఒళ్ళు జాగ్రత్త. పోతయ్యన్న తెచ్చిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. సెలవు అయిపోయి ఆయన తిరిగి మీ క్యాంపుకే వస్తున్నాడు కదా, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను.

అత్తమ్మ మోకాళ్ళ సంగతి అడిగారు. నొప్పి నొప్పి అంటూనే చర్చికి అందరికన్నా ముందు నడిచిపోతుంది. అక్సా పరీక్షలు బాగా రాశానంటోంది. వెనక గోడ ఇంకా లేవలేదు. నన్ను తిట్టకండి, మేస్త్రీ బోనకల్‌లో పెళ్ళికని వెళ్ళి మళ్ళీ కనబడితే ఒట్టు.

ఇక రాజు సంగతి. ఉత్తరం నిండా వాడి మీద మండిపడ్డారు. మన వైపు నుంచి ఎవరొచ్చినా గ్యాస్ ప్లాంటులో పని చూపించి నిలబెట్టేది మీరే, మీ కోపం నాకు అర్థమైంది. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదని, విషవాయువు లీకైతే ప్రాణమే పోతుందని ఎన్నిసార్లు చెప్పినా, 'సరే సార్' అని తలూపి మర్నాడు అదే గడ్డంతో వస్తున్నాడన్నారు. మాస్కు పరీక్ష తప్పితే కంపెనీ వెనక్కి పంపేస్తుందన్నారు. 'వాడికి సినిమా పిచ్చి, తల్లితో గట్టిగా చెప్పించు' అన్నారు.

చెప్పించడానికే వాళ్ళ గూడెం వెళ్ళాను. వాడి తల్లి ఎర్రమ్మ ఇప్పపువ్వు ఆరబోస్తోంది. మాట వినగానే చేట కింద పడేసింది.

"సోకుకు పెంచిండనుకున్నరా అక్కా? వాళ్ళయ్యకు పాము కరిచి దవాఖానాల పడ్డప్పుడు మా వేల్పు తల్లికి మొక్కిండు. అయ్య లేస్తే జాతరల నీ ముంగట్నే తీయించుకుంటా తల్లీ అని. జాతర కాకముందే గీకితే ఈయనకేమన్నయితే ఎవలు దిక్కు?"

మూల కూర్చున్న వాడి తండ్రి బొజ్జయ్య, "గీకమనుండ్రి. నేను బతికినంత బతికిన. పోరని నౌకరి పోవద్దు" అన్నాడు. "నువ్వు నోర్మూస్కో" అని ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఈ ముక్క వాడు మీతో ఎందుకు చెప్పలేదంటారా? పెద్దలకు ఎదురు చెప్పడం వాళ్ళ ఇంటావంటా లేదు. చేయలేని పనికైనా 'సరే' అనే అంటారు. ఇకమీదట మనవాళ్ళకు పని నేర్పే ముందు, 'నాతోటి కాదు సార్' అనడం నేర్పండి.

చివరికి ముగ్గురం వాళ్ళ వేల్పు పూజారి దగ్గరికి వెళ్ళాం. ఆయన సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "మొక్కు పోదు గని, జాగ మారుతది. పోరన్ని అంత దూరం తోలినోళ్ళు గద్దె కాడికొచ్చి వేల్పు తల్లిని అడగాలె. అక్కడ తోలినోడే తొలి కత్తి పెట్టాలె. ఎంట్రుకలు మూటగట్టి జాతరకు తేవాలె" అన్నాడు.

ఎర్రమ్మ నా ముఖం చూసింది. పని చూపించి వాణ్ణి అంత దూరం పంపించింది మీరు. మీరేమో సముద్రం అవతల.

ఇంతసేపూ ఈ మాట దగ్గరికి రావడానికే భయపడ్డాను. ఫోనులో చెబితే మధ్యలోనే పెట్టేస్తారని రాస్తున్నాను. చెప్పులు విడిచి, గద్దె ముందు నిలబడి, చేతులు జోడించి అడిగానండీ. "ఎబినేజర్ భార్యను. పిల్లవాణ్ణి పంపింది మేమే. గడ్డం అక్కడే తీయనివ్వు తల్లీ" అన్నాను. సంఘపెద్ద భార్యను! పాస్టరుగారు ఏమంటారో తెలుసు, మీరేమంటారో ఇంకా బాగా తెలుసు. ఇంటికొచ్చి మోకరించాను. క్షమించమని అడగబోతే నోరు రాలేదు. బొజ్జయ్యను చల్లగా చూడమని మాత్రం అడిగాను.

వచ్చేటప్పుడు ఎర్రమ్మ, "మీ ఆయన చేస్తడా అక్కా?" అంది. చేస్తారన్నాను. ధైర్యంతో అన్నానో, బుకాయించానో నాకే తెలియదు.

ఉత్తరం చదవగానే రాజును పిలవండి. పక్కన కూర్చోబెట్టుకుని, మీ చేత్తోనే తొలి కత్తి పెట్టండి. ఒక్క వెంట్రుకా కింద పడనివ్వకండి, మీ రుమాలులో మూటకట్టి దాచండి. నా మీద ఎంత కోపం వచ్చినా రానివ్వండి. ముందు వాడి గడ్డం గీయండి, తర్వాత నన్ను తిట్టండి.

ఇట్లు,
మీ పేరుతో మాటిచ్చి వచ్చిన మీ భార్య,
సంపూర్ణ