నిప్పు తగలని పెట్టె

మే 4, సోమవారం. ఉదయం 7.00
మా వీధి చివర ఫ్లెక్సీల షాపు నిన్న మధ్యాహ్నం కాలిపోయింది. మనుషులకేమీ కాలేదు. కంప్యూటర్లు మాత్రం బూడిద. పదేళ్ళ పని అందులోనే ఉందట.

ఆ పొగ చూస్తున్నంతసేపూ నాకు నా హార్డ్ డిస్కే గుర్తొచ్చింది. నాయన నలభై ఏళ్ళు గ్రాఫు కాగితాల మీద గీసిన 412 ధర్మవరం పట్టుచీరల డిజైన్లు అందులో ఉన్నాయి. నేను స్కాన్ చేసిన తర్వాత కాగితాలను చెదలు తినేశాయి. ఇప్పుడు నాయన చెయ్యి వణుకుతుంది, మళ్ళీ గీయలేడు. ఉన్నదల్లా ఆ డిస్కే!

తీర్మానం: 15వ తేదీలోగా నిప్పు తగలని సేఫ్ కొనాలి. అంతదాకా ఎందుకు, రేపే కొంటాను.

7.40: అప్పటిదాకా డిస్కు బియ్యం డబ్బాలో.

మే 5, మంగళవారం
మంగళవారం కొత్త సామాను ఇంటికి తేకూడదని అమ్మ అడ్డం పడింది. సరే, ఈలోగా చదువుకుందాం. ఎనిమిది వీడియోలు చూశాను.

కాగితం 177 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. డిస్కు 52 దాటితే అంతే సంగతులు. కాబట్టి మామూలు ఫైర్ సేఫ్ పనికిరాదు, డిస్కుల కోసం చేసిన రకం కావాలి. ఇంత తెలిసిన మనిషి ధర్మవరంలో ఇంకొకరు ఉండరు.

మధ్యాహ్నం 2.00: బయట 43 డిగ్రీలు. అంటే మంట లేకుండానే ఇంకో తొమ్మిదే మిగిలాయి! డిస్కును ఫ్రిజ్‌లో పెట్టాను.
2.30: ఫ్రిజ్‌లో చెమ్మ పడుతుందట. మళ్ళీ బియ్యం డబ్బా.

మే 7, గురువారం
అనంతపురం వెళ్ళాను. బీరువాల షాపు గంగాధరప్ప ప్రతి సేఫ్ తలుపు మీదా పిడికిలితో కొట్టి చూపించాడు. ఏ దొంగా తెరవలేడట. నాకు దొంగ కాదు, నిప్పు ముఖ్యమన్నాను. లోపల 52 డిగ్రీలు దాటకూడదని కూడా చెప్పాను.

"అగ్గి అంటుకుంటే ముందు నువ్వు బయటికి రామ్మా. డిస్కుదేముండాది" అన్నాడు.

మంచికే అన్నాడు కానీ నాకు కోపం వచ్చింది. అందులో ఏముందో ఆయనకేం తెలుసు? నేను అడిగిన రకం బెంగళూరు నుంచి తెప్పించాలట. రెండు మోడళ్ళ కాగితాలు ఇచ్చాడు.

మే 10, ఆదివారం
ఒకటి గంటసేపు మంటకు ఆగుతుంది. రెండోది రెండు గంటలు. ఏది తీసుకోవాలి? ఫైరింజన్ ఎంతసేపట్లో వస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది కదా. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసి అడిగాను. యాడమ్మా అంటుకునింది అన్నాడాయన. ఇంకా అంటుకోలేదన్నాను. పెట్టేశాడు.

గంగాధరప్పకు రెండు గంటలదే చెప్పేశాను.

మే 14, గురువారం
వచ్చింది! నూట నలభై కిలోలు. నలుగురు హమాలీలు మొదటి మెట్టు దగ్గరే చేతులెత్తేశారు. మేడ మీద నా గదిలో ఉండాల్సింది, కింద మగ్గం గదిలో నైరుతి మూల కూర్చుంది. అమ్మ సంతోషపడింది. రేపు శుక్రవారం కదా, పూజ చేసి మొదలుపెడదామంది. ఖాళీ పెట్టెకు పూజ చేయకూడదట. బంగారం, పొలం పాసుపుస్తకాలు, తన పెళ్ళిచీర సర్దేసింది. డిస్కుకు మూలన కాస్త చోటు వదిలింది.

మే 15, శుక్రవారం. గడువు రోజు!
8.00: సేఫ్‌కు పసుపు, కుంకుమ, మామిడాకులు. డిస్కుకు కూడా బొట్టు. చెప్పిన తేదీకి చెప్పిన పని చేసిన మనిషిని నేను!
8.20: అరటిపళ్ళు మరిచిపోయాం. అంగడికి వెళ్తున్నాను.
8.45: వచ్చేసరికి సేఫ్ తలుపు మూసి ఉంది. అమ్మ దాని ముందు చేతులు జోడించి నిలబడింది. హారతి ఏదని అడిగాను. లోపల ఉందంది.

ఫ్యాను గాలికి కర్పూరం ఆరిపోతే మంచిది కాదు. ఫ్యాను ఆపితే ఉక్కకు నాయన ఓర్చుకోలేడు. అందుకని కర్పూరం, సాంబ్రాణి వెలిగించిన పళ్ళెం సేఫ్‌లో పెట్టి తలుపు వేసింది.

"నిప్పుకేం గాదని నువ్వే చెప్తివి గదమ్మే" అంది.

తెరిచాను. మొహం నిండా పొగ. పాసుపుస్తకాలు బాగానే ఉన్నాయి. డిస్కు మాత్రం పళ్ళేనికి ఆనుకుని ఉంది. ఒక పక్క ప్లాస్టిక్ కరిగి కుంకుమలో కలిసిపోయింది.

9.10: కంప్యూటర్ డిస్కును గుర్తుపట్టలేదు. మూడుసార్లు పెట్టి చూశాను.
9.30: ఏడ్చాను. నన్ను చూసి అమ్మా ఏడ్చింది. ఆమెను తిట్టలేకపోయాను.

మే 18, సోమవారం
అనంతపురంలో డిస్కులు బాగుచేసే కుళ్ళాయప్ప దగ్గరికి వెళ్ళాను. డిస్కును వాసన చూసి, యాడ పెట్టినారని అడిగాడు. ఫైర్ సేఫ్‌లో అన్నాను.

"ఇంగో కాపీ లేదామ్మా?" అన్నాడు.

లేదు. కాపీ తీయడం నలభై నిమిషాల పనట. ఇన్ని రోజులు డిగ్రీలు, కిలోలు లెక్కపెట్టాను కానీ ఆ ఒక్క ఆలోచన నాకు రాలేదు. సిగ్గేసింది. డిస్కులోవి బయటికి తీయడానికి వారం పడుతుందట, గ్యారంటీ లేదట.

మే 19, మంగళవారం
నాయనకు చెప్పాను. గ్రాఫు కాగితం, పెన్సిలు అడిగాడు. మధ్యాహ్నం దాకా కూర్చుంటే ఒక నెమలి మెడ వచ్చింది. గీత గీతకీ చెయ్యి వణుకుతోంది. చూడలేక బయటికి వచ్చేశాను.

మే 26, మంగళవారం
మధ్యాహ్నం 2.00: కుళ్ళాయప్ప ఇచ్చిన కొత్త డిస్కులో అన్నీ వచ్చేశాయి! 412కి 412!
3.00: తీర్మానం: ఇప్పుడే ఇంకో కాపీ. అది సోమందేపల్లెలో మా చెల్లెలు సుష్మ ఇంట్లో ఉంటుంది. వీడియోలు చూడను.
3.10: ముందు ఆ నెమలిదొకటి చూపించమన్నాడు నాయన. తెరిచాను. చాలాసేపు చూశాడు.

"మెడ తప్పు గీసినానమ్మా అప్పుడు" అన్నాడు.

పోయిన వారం గీసిన కాగితం తెచ్చి స్క్రీన్ పక్కన పెట్టాడు. నిజమే. వణుకుతూ గీసిన మెడే బాగుంది.

సాయంత్రం 6.30: పదిహేడో డిజైనులో ఉన్నాడు. ప్రతిదాంట్లో ఏదో ఒక తప్పు దొరుకుతోంది. పెద్దగా నవ్వుతున్నాడు, అమ్మను పిలిచి చూపిస్తున్నాడు. లేస్తే కాపీ తీసుకుంటానని రెండుసార్లు అడిగాను. లేవలేదు. మూడోసారి అడగడానికి నాకు మనసు రాలేదు.

కాపీ రేపు ఉదయం తొమ్మిదికి. ఖాయం.