పిడుగు గుర్తు పీపా

మామయ్యకి పిడుగు నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. కుశలప్రశ్నలు ఇక్కడితో ఆపి అసలు సంగతికి వస్తాను, లేకపోతే నువ్వు రెండో పేజీ తిప్పవు.

పోయినేడాది ఒక విస్కీ కంపెనీ వాళ్ళు వాడేసిన పీపాలు అమ్ముతుంటే మా బీరు కార్ఖానాకి నాలుగు కొన్నాం. దొర్లించి కడుగుతుంటే ఒకదాని అడుగు పలక మీద వంకర పిడుగు బొమ్మ కనిపించింది. ఎనిమిదో తరగతి సెలవుల్లో నీ పీపాల దుకాణంలో, నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు నీ ఉలితో నేను చెక్కిన బొమ్మే అది. ఆ రోజు నువ్వు నా చెవి మెలేశావు. తర్వాత నువ్వే, పోనీలే, పీపాకి పుట్టుమచ్చ అనుకుందాం అన్నావు.

ఆ పీపాలో ఇంపీరియల్ స్టౌట్ పోశాను. నల్లగా, చిక్కగా ఉంటుంది, మామూలు బీరుకి రెండింతలు ఘాటు. పద్నాలుగు నెలలుగా మగ్గుతోంది. ఇప్పుడు తీసెయ్యాలో, ఇంకో ఆరు నెలలు ఉంచాలో నాకు తేలడం లేదు. ఎక్కువ ఉంచితే చెక్క బీరుని మింగేస్తుంది. తొందరపడితే పీపాలో పోసీ పొయ్యనట్టే. రుచి దిగడానికి ఆ చెక్కని లోపల కాల్చింది నువ్వు. మంట ఎక్కడ చాలో ముక్కుతోనే చెప్పేసేవాడివి. అందుకే ఒక సీసా పంపుతున్నాను. తాగి చెప్పు.

ఇంకో మాట. నువ్వు దుకాణం మూసి మూడేళ్లయింది. ఎందుకు మూశావో ఎవరికీ చెప్పలేదు. నేను నీ పని నేర్చుకోకుండా బీరు వైపు వచ్చానన్న కోపంతోనే అయితే, ఈ సీసాతోనైనా నన్ను క్షమించు.

నీ మేనకోడలు

తా.క. గ్లాసులో పోసుకుని తాగు. సీసా ఎత్తిపట్టి గటగటా కాదు.

*

చిరంజీవి పిడుగుకి మామయ్య దీవెనలు.

సీసా పదిలంగా అందింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండో పేజీతో సహా.

బీరు బ్రహ్మాండం. ఇంతకన్నా ఏం చెప్పను? నలుపంటే నలుపు. బాగా చేదు, చివర రవ్వంత పులుపు. గొంతు దిగగానే కడుపులో వెచ్చగా కూర్చుంది. నురుగు రాలేదు. కానీ ముసలి పీపా బీరుకి నురుగు ఏముంటుంది, ముసలాడి నెత్తిన జుట్టున్నట్టు? దాని గురించి దిగులు పడకు.

అసలు పీపా అంటే ఏమిటి? ముప్ఫై పలకలు, ఆరు ఇనుప పట్టీలు, ఒక్క మేకు లేదు, ఒక్క బొట్టు జిగురు లేదు. పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడతాయి. కుటుంబం లాంటిదే. ఈ విషయం మీ యజమానికి చదివి వినిపించు.

కోపం గీపం ఏమీ లేదు. దుకాణం ఊరికే మూశాను. ఒళ్ళు అలిసిపోయింది.

మీ మామయ్య

తా.క. చెప్పడం మరిచాను. మీ బీరు మహా ఘాటు. సాయంత్రం రెండు గ్లాసులు తాగితే తెల్లారేదాకా కన్ను మూతపడలేదు. నడుం వాల్చి ఇంటి వాసాలు లెక్కపెట్టాను. ఇంత నిఖార్సైన సరుకు ఈ మధ్య తాగలేదు.

*

మామయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు ఒకటి చెప్పు, నీ కడుపు ఎలా ఉంది? రెండు గ్లాసులూ పూర్తిగా తాగావా?

బ్రహ్మాండం అంటే నాకు చాలదు. బ్రహ్మాండం అని మా యజమాని కూడా అంటాడు, ఆయనకి నిమ్మకాయ నీళ్ళకీ బీరుకీ తేడా తెలియదు. మేం రుచి చూసేటప్పుడు మూడు సంగతులు రాస్తాం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే ఏం గుర్తొచ్చింది, నాలుక మీద ఏం తగిలింది, మింగాక ఏం మిగిలింది. నువ్వూ అలాగే రాయి. తప్పు ఒప్పులు ఉండవు.

ఈసారి రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి ఎర్ర మైనం మూతది, ఇంకోటి నీలం మైనం మూతది. విడివిడిగా రాయి. రాయాలనిపించింది ఏదైనా సరే, బీరు సంగతి కాకపోయినా సరే, రాయి.

నీ మేనకోడలు

తా.క. కడుపు సంగతి మరిచిపోకు. నిజంగానే అడుగుతున్నాను.

*

చిరంజీవి పిడుగుకి దీవెనలు.

నా కడుపు నిక్షేపంగా ఉంది. నువ్వు అదే పనిగా అడుగుతుంటే నాకు భయంగా ఉంది. మీరందులో ఏం కలుపుతున్నారే తల్లీ?

అడిగావు గనక పద్ధతిగా రాస్తున్నాను. ఎర్ర మూత సీసా: ముక్కు దగ్గర పెట్టగానే తోలు పట్టీ వాసన, క్షవరం సబ్బు వాసన. నాలుక మీద మంట, గడ్డం గీశాక రాసే మందులాగా. మింగాక మిగిలింది, మంచి కత్తి పదును పెట్టిన తృప్తి.

నీలం మూత సీసా: గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే వచ్చే వాసన. నాలుక మీద కాలిన పంచదార, ఎండు ద్రాక్ష. మింగాక, బాగా పాతబడిన కోటు అస్తరు లోపల చెయ్యి పెట్టినట్టు మెత్తదనం.

నా సలహా. ఎర్ర మూత పీపాని రేపే ఖాళీ చెయ్యి. నీలం మూత పీపాని ఆరు నెలలు ముట్టుకోకు. రెండింటికీ చాలా తేడా ఉంది. నా లాంటి ముక్కుకి దొరికింది గానీ ఇంకొకరికైతే అందదు.

మీ మామయ్య

తా.క. ఎదురు దుకాణం మంగలాయన, పక్కింటి దర్జీ నీకు నమస్కారాలు చెప్పమన్నారు. ఎందుకో ఈ వారం ఇద్దరూ నీ మీద మహా అభిమానంగా ఉన్నారు. ఇంకా సీసాలు వస్తాయా అని అడుగుతున్నారు.

*

మామయ్యకి,

ఎర్ర మూత, నీలం మూత రెండూ ఒకే పీపావి. నీ పీపావే. ఒకే రోజు, ఒకే గొట్టంతో, ఒకదాని వెనక ఒకటి నింపాను.

నీ ఉత్తరం మా యజమాని కంటపడింది. ఒక్క పీపాలోంచి తోలు, సబ్బు, కాలిన గుడ్డ వస్తున్నాయంటే ఆ చెక్క లోపల కుళ్ళిందని తేల్చేశాడు. మా మామయ్య ముక్కు ఎన్నడూ తప్పు చెప్పదని వాదించాను. అందుకే పారబోయాల్సిందే అన్నాడు. శనివారం బీరుని కాలువలోకి వదిలి, పీపాని నడిమికి కోసి రెండు పూలతొట్లు చేయిస్తాడట.

ఈ పీపాని నేను పద్నాలుగు నెలలు కనిపెట్టుకుని ఉన్నాను, మామయ్యా. పొద్దున రాగానే ముందు దాని మీద చెయ్యి వేసి చూసేదాన్ని. నువ్వు నాతో మాట్లాడడం తగ్గించాక నీ దగ్గరిది నాకు మిగిలింది అదొక్కటే. నీకు చెప్పాల్సింది ఏమన్నా ఉంటే శనివారం లోపు చెప్పు.

పిడుగు

తా.క. ఏ పూలు వెయ్యాలో నువ్వే చెప్పు, బంతా, చామంతా.

*

చిరంజీవి పిడుగుకి,

ఈ ఉత్తరం తపాలా పెట్టెలో వెయ్యకుండా నేనే పోస్టాఫీసుకి పట్టుకెళ్ళి, శనివారం లోపు అందుతుందని ఆ గుమాస్తా చేత ఒట్టు వేయించుకుని మరీ పంపుతున్నాను. రంపం ఆపు. పీపాలో ఏ లోపమూ లేదు. లోపం నాలో ఉంది.

నాకు వాసన తెలియదే. మూడేళ్ల కిందట జ్వరం వచ్చింది చూడు, అది పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది. నాలుకకి తీపి, చేదు, పులుపు తెలుస్తాయి. అంతకు మించి మట్టి. వాసనే లేకపోతే లోపలి మంట ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? వరసగా మూడు పీపాలు బొగ్గు చేశాను. నాలుగోది మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు. తాళం వేసేశాను. వాసన తెలియని పీపా మేస్త్రి అని నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా పని గురించి అడుగుతావని, అత్తయ్యకి ఇచ్చేసేవాణ్ణి. అది నీ మీద కోపమనుకుంటావని నాకు తట్టనే లేదు. నువ్వు బీరు చేస్తున్నావని తెలిసిన రోజు ఈ వీధి వీధంతా చెప్పుకొచ్చాను. నీకు మాత్రం చెప్పలేదు. నా బుద్ధి తక్కువ.

ఎర్ర మూత సీసా తాగింది మంగలాయన. నీలం మూతది దర్జీ. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నా పేరుతో రాశాను. పాపం వాళ్ళ తప్పేం లేదు. తప్పు ఒప్పులు ఉండవన్నావు, ఎవరి పని వాళ్ళకి వాసనేసింది.

నీ పూలతొట్ల ఉత్తరం వచ్చాక మీ అత్తయ్యకి అంతా చెప్పేశాను. ఆవిడ నీలం సీసాలో అడుగున మిగిలింది చెంచాలో పోసుకుంది. జన్మలో మందు ముట్టని మనిషి. వాసన చూసింది, నాలుకకి తగిలించుకుంది. తర్వాత అంది, "పెళ్ళయిన కొత్తలో మీరు పని నుంచి వచ్చి విప్పేసిన చొక్కా వాసనండీ ఇది."

లేచి వెళ్ళి పెట్టె తెరిచి, ఆ పాత పని చొక్కా తెచ్చి చెంచా పక్కన పెట్టింది. ఒకసారి ఇదీ ఒకసారి అదీ వాసన చూసి ఏడ్చింది. నేనూ రెండూ చూశాను. నాకు రెండింట్లోనూ ఏమీ లేదు. అయినా ఎందుకో నాకూ ఏడుపొచ్చింది.

నా ముక్కు మాట నమ్మకు. ఆవిడ ముక్కు మాట నమ్ము. బీరు పారబొయ్యకు.

మీ మామయ్య

తా.క. ఇన్నాళ్ళూ దాచినందుకు మీ అత్తయ్య తిడుతుందనుకున్నాను. తనకి మూడేళ్ల కిందటే తెలుసట. ముప్ఫై ఏళ్ళు రోజూ వంటకి వంక పెట్టినవాణ్ణి, ఆ జ్వరం తగ్గినప్పటి నుంచి ఏం వడ్డించినా బాగుందంటున్నానట. ఆ సుఖం పోతుందేమోనని తనూ ఎవరికీ చెప్పలేదట.

*

మామయ్యకి పిడుగు వెయ్యి నమస్కారాలు.

నీ ఉత్తరం శుక్రవారమే అందింది. ఆ గుమాస్తాని ఒట్టు నుంచి విడుదల చెయ్యి.

ఇక నా వంతు. రంపం లేదు, పూలతొట్లు లేవు. మా యజమాని నీ ఉత్తరం చూడనే లేదు. ఆయనకి పూల దగ్గరికి వెళ్తే తుమ్ములు. ఆ అబద్ధం నాది. నువ్వు నిజం చెప్పేదాకా నిన్ను కదిలించడానికి నాకు ఇంకో దారి తోచలేదు. దానికి నా చెవి ఇంకోసారి మెలెయ్యి, ఒప్పుకుంటాను.

నీ ముక్కు సంగతి నాకు నీ మొదటి ఉత్తరంతోనే తెలిసిపోయింది. నేను రోజూ పనికి పాలూ పంచదారా లేని కాఫీ పట్టుకెళ్తాను, బీరు పోసే అదే ముదురు రంగు సీసాలో. నీకు పార్సిల్ కట్టిన రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర సీసా మూత తీసి, అలవాటుగా సగం తాగేశాను. తాగాక గానీ తెలియలేదు, అది పద్నాలుగు నెలల స్టౌట్. ఆ పూటంతా గోడ పట్టుకుని నడిచాను. నీకు పోస్టులో వెళ్ళింది నా కాఫీ.

క్షమించమని రాద్దామనుకునేలోగా నీ జవాబు వచ్చింది. నురుగు లేదు, చివర పులుపు, తెల్లవార్లూ నిద్ర లేదు, బీరు బ్రహ్మాండం. చదివి ముందు పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే మూడేళ్ళ కిందటి నీ జ్వరం గుర్తొచ్చింది, దుకాణం తాళం గుర్తొచ్చింది. నీ ముక్కు తెలిసిన నేను, ఇంతకాలం అది కోపమనుకుని దూరంగా కూర్చున్నాను. ఆ తప్పు నాది.

పీపా ఈ ఉదయం తెరిచాను. అత్తయ్య చెంచా మాట మీదే తీసేశాను, ఒక్క రోజు కూడా ఆగలేదు. గ్లాసులో పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అత్తయ్య చెప్పిందే, మామయ్యా. పొగ, చెక్క, కొంచెం చెమట, కొంచెం తీపి. నేను భుజాల మీద ఎక్కి తిరిగిన చొక్కానే. సీసాల మీద పేరు కూడా అదే వేయిస్తున్నాను, పని చొక్కా అని.

వచ్చే నెల మాకు ఇంకో పన్నెండు పాత పీపాలు వస్తున్నాయి. సగానికి పైగా కారుతాయట. పట్టీ బిగించే చెయ్యి, పలక మీద కొట్టి విని చెప్పే చెవి మా దగ్గర ఎవరికీ లేవు. వాటిని నీ దగ్గర్నుంచి జ్వరం పట్టుకుపోలేదు కదా. లోపల కాల్చేటప్పుడు నేను పక్కన నిలబడతాను. మంట ఎక్కడ చాలో నేను చెప్తాను, నువ్వు ఆపు. నీ పని నేర్చుకోలేదన్న లోటు అలా తీరుస్తాను. రాను అనకు.

నీ పిడుగు

తా.క. అత్తయ్యని కూడా తీసుకురా. ఇక్కడ వంట నాది. బాగుందని నువ్వు ఎలాగూ అంటావు, నిజం చెప్పడానికి ఒకరుండాలి. ఇంకొకటి, వచ్చేటప్పుడు ఆ చొక్కా తొడుక్కుని రా. నీకు తెలియకపోతేనేం, గుమ్మంలోనే వాసన చూసి నేను చెప్తాను.